ముందు గదిని విందాం

"మేడమ్, ఎక్కాల పీరియడ్ రాగానే వీడు చెవులు మూసుకుని బల్ల కింద దూరతాడు. మహా మొండి." ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా నేను తరచూ వినే ఫిర్యాదు ఇది.

అలాంటి పిలుపు వస్తే పిల్లాడి ఫైలు తెరవకముందే ఆ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని కళ్లు మూసుకుంటాను. పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు, కింద నున్నటి బండలు. చప్పుడును పీల్చుకునేది ఒక్కటీ ఉండదు. నలభై గొంతులు ఒక్కసారి రెండో ఎక్కం అందుకుంటే, పక్క గది పాఠమూ కలిసి ఒకటే హోరు. అందులోంచి టీచరు గొంతును మనం ఏరుకుంటాం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు ఆ ఏరుకోవడమే కష్టం. ఫ్యాను కిర్రుమనడం, కుర్చీ ఈడ్చడం, పాఠం అన్నీ ఒకే బలంతో మీద పడతాయి. ఆటిజాన్ని వర్ణిస్తూ మనోవైద్యుడు లియో కానర్ 1943లో రాసిన వ్యాసంలోనే చప్పుళ్లకు హడలిపోయే పిల్లలున్నారు. ఇంద్రియాల ఈ తీవ్ర స్పందన నిర్ధారణ లక్షణాల్లో చేరింది మాత్రం 2013 నాటి డీఎస్ఎం-5 అనే అమెరికా మనోవైద్యుల నిర్ధారణ గ్రంథంలో. అన్నేళ్లూ ఎందరు పిల్లలు మొండివాళ్లనిపించుకున్నారో తలచుకుంటే బాధేస్తుంది.

కైరో ఆర్కిటెక్టు మగ్దా మోస్తఫా తల్లిదండ్రులను, టీచర్లను అడిగితే గది విషయంలో శబ్దానికే మొదటి స్థానం ఇచ్చారు. తరగతిలో చప్పుడు తగ్గించాక పిల్లల ధ్యాస నిలిచే సమయం పెరిగిందని ఆమె 2008లో రాశారు. మన బడుల్లో అందుకు పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వెనక గోడకు జంపఖానా, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, గుమ్మానికి దూరంగా చోటు చాలు. చెవులకే కాదు, కళ్లకూ ఊరట కావాలి: చోక్‌తో వెలిగే పాత ట్యూబులైటును మార్చాలి, బోర్డు చుట్టూ చార్టులు తీసేయాలి. అందరికీ నిశ్శబ్దమే మందు అనుకోకూడదు. బల్ల మీద దరువేస్తూ చప్పుడును వెతుక్కునే పిల్లలూ ఉన్నారు, వాళ్లకు కదిలే పని కావాలి.

గది సర్దడంతో పాటు నాకు ప్రాణమైనది బొమ్మల టైంటేబులు, అంటే రోజు పనులను వరుసగా చూపే బొమ్మల కార్డులు. మనస్తత్వవేత్త ఎరిక్ షోప్లర్ అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆటిజం ఉన్నవాళ్ల కోసం 1972 నుంచి నడిపిన టీచ్ కార్యక్రమంతో ఇది లోకమంతా పాకింది. పని అయిపోగానే పిల్లాడే ఆ కార్డు తీసి డబ్బాలో వేస్తాడు, తర్వాతి బొమ్మ చూసుకుంటాడు. గంట ఉన్నట్టుండి మోగినా రాబోయేదేమిటో ముందే తెలుసు గనుక కంగారు పడడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి బడిలో తగిన సర్దుబాట్లు చేయాలంటోంది. అయినా తనిఖీకి వచ్చే అధికారులు ర్యాంపు, మరుగుదొడ్డి చూసి వెళ్తున్నారు. పాఠం నడుస్తుండగా తరగతిలో కాసేపు కూర్చుని, విన్నది కూడా రిపోర్టులో రాయాలని వాళ్లను అడుగుతున్నాను.