అయిదు స్వరాలు, నాలుగు జతల తీగలు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు చాలా ఇళ్ళల్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పాట దగ్గర ఈ సరిహద్దు నిలవదు. అన్నమయ్య ‘భావములోన’ ముగించి పురందరదాసు ‘నారాయణ నిన్న’ ఎత్తుకుంటే శ్రుతీ మార్చనక్కర్లేదు, రాగమూ మార్చనక్కర్లేదు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న వరసల్లో రెండూ శుద్ధ ధన్యాసే. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్యగా పిలుచుకునే నారేయణ యోగి రెండు భాషల్లోనూ కీర్తనలు చెప్పారు. గురుపూర్ణిమకు అక్కడ మూడు రోజులపాటు రాత్రింబగళ్ళు సంగీతోత్సవం జరుగుతుంది.

శుద్ధ ధన్యాసి స్వరాలు స, గ, మ, ప, ని. సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశిక నిషాదం. రి, ధ లేవు. పాశ్చాత్యులు మైనర్ పెంటటానిక్ అనేది, స్వరస్థానాల లెక్కలో, ఇదే. హిందుస్తానీలో ధాని రాగం దీనికి దగ్గర చుట్టం. అమెరికా నల్లజాతివారి బ్లూస్ చాలావరకు ఈ స్వరాల చుట్టూనే తిరుగుతుంది. యాంక్ రాచెల్ లాంటివారు ఆ బ్లూస్‌ను మాండొలిన్ మీదే పలికించారు.

మామూలు మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలు. మంద్రం నుంచి జి, డి, ఎ, ఇ. ‘ఎ’ తీగను షడ్జం చేసుకుంటే ఒక చిత్రం కనిపిస్తుంది: వేలు పెట్టకుండా మీటినా నాలుగు జతలూ రాగంలోనే పలుకుతాయి. జి నిషాదం, డి మధ్యమం, ఎ షడ్జం, ఇ పంచమం. మిగిలింది గాంధారం ఒక్కటే. ‘ఎ’ మీద మూడో మెట్టు గ, అయిదో మెట్టు మ. ఉత్త ‘ఇ’ తీగ ప, దాని మీద మూడో మెట్టు ని, అయిదో మెట్టు పై స. స్థాయి అంతా రెండు జతల్లో సరిపోయింది. కొత్తగా పట్టినవాళ్ళకు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేస్తుంది.

వచ్చింది స్వరవరసే, రాగం కాదు. శుద్ధ ధన్యాసిలో గ, ని బిగుసుకుని నిలబడవు, ఊగుతాయి. ఊపు తీసేసి స్వరాలను నిలువుగా పలికిస్తే అది ఉదయరవిచంద్రిక అని కొందరంటారు, రెండూ ఒకటేనని మరికొందరు. మెట్లున్న వాద్యం మీద ఈ ఊపు తేవాలంటే తీగను పక్కకు లాగాలి, లేదా వేలిని మెట్ల మీదుగా జార్చాలి. లాగబోతే జంట తీగలు రెండూ సమానంగా సాగవు, అపశ్రుతి పుడుతుంది. పైగా మాండొలిన్ నాదం త్వరగా ఆరిపోతుంది. గమకం పూర్తయ్యేలోగా ధ్వనే ఉండదు.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ చిక్కును వాద్యాన్నే మార్చి విప్పారు. జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టారు, విద్యుత్ మాండొలిన్ చేపట్టారు. నాదం నిలిచింది, గమకానికి చోటు దొరికింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు పాడి వినిపిస్తే ఆయన వాయించి నేర్చుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేళ్ళు. పాట విని నేర్చిన చేతికి మెట్టు అంకె కన్నా స్వరం కదలికే ముందు గుర్తుంటుంది. మెట్ల పటాలు చూసి నేర్చేవాళ్ళు పోగొట్టుకునేది సరిగ్గా ఇదే.

సాధనకు ఆది తాళం కన్నా ఖండచాపు నయం. సగమపని, గమపనిస, మపనిసగ అంటూ అయిదేసి స్వరాల గుత్తులు తాళంలో చక్కగా ఇముడుతాయి. పిక్‌ను కిందికీ పైకీ మార్చి మార్చి మీటితే, అయిదు బేసి సంఖ్య కాబట్టి, రెండో గుత్తి పైమీటుతో మొదలవుతుంది. ఎత్తుగడ బలం తగ్గేది అక్కడే. మొదటి కాలంలో నెమ్మదిగా రెండు మీటులూ సమం చేసుకోకుండా రెండో కాలానికి పోతే చెయ్యి తడబడుతుంది.

అది కుదిరాక గ్రహభేదం. అవే మెట్లు, అవే వేళ్ళు. షడ్జం మాత్రం మారుతుంది. గాంధారాన్ని షడ్జం అనుకుంటే మోహనం. ‘డి’ తీగ నుంచి మధ్యమావతి, ‘జి’ నుంచి శుద్ధ సావేరి, ‘ఇ’ నుంచి హిందోళం. ప్రతిసారీ తంబురా శ్రుతినీ కొత్త షడ్జానికి మార్చుకోవాలి, లేకుంటే చెవి పాత రాగంలోనే ఉండిపోతుంది. హిందోళంలో పంచమం లేదు కనుక తంబురాలో ప తీసి మ పెట్టుకోవడం మేలు.