గజము దూరము

అమెరికా ఫుట్‌బాలునందు ఇరుపక్షముల బలాఢ్యుల నడుమ బంతి పొడవంత యెడమే యుండగా, కెనడా నియమము రక్షణపంక్తివారిని బంతికి గజము దూరమున నిలువుమని శాసించుచున్నది. శిక్షవలె దోచు నీ నియమము వడిగలవానికి వరమని నా తలంపు. ఏలయన, ఎదుటివాని దేహము తన్ను తాకకమునుపే వాడొక యడుగు వేసి వేగమును గూడగట్టుకొనును, ఏ ప్రక్కకు మరలవలెనో నిశ్చయించుకొనును. మూడే ప్రయత్నములలో పది గజములు గడింపవలసిన యాట గావున ప్రతిపక్షము తరచుగా బంతిని విసరక తప్పదు. మైదానమా, 65 గజముల వెడల్పు. అందు ఇటునటు పరుగిడుచు బంతి విసరజూచు క్వార్టర్‌బ్యాక్‌ను, బంతి చేయి విడువకమునుపే పడగొట్టుట, అనగా ‘శాక్’ చేయుట, బలమొక్కటితో నగు పని కాదు.

ఈ విద్యను వృత్తిగా గైకొని పరాకాష్ఠ నందించినవాడు గ్రోవర్ కోవింగ్టన్. ఉత్తర కరోలినానుండి వచ్చి, 1981 మొదలు 1991 వరకు, ఉక్కు కర్మాగారములకు బేరొందిన హామిల్టన్ నగరపు టైగర్-క్యాట్స్ జట్టునందే యాడి, 157 శాక్‌లు సాధించెను. అందు 25 ఒక్క 1988లోనివే. 1986లో ఆ జట్టు ఎడ్మంటన్‌ను 39-15గా నోడించి కెనడా ఫుట్‌బాలున విజేతలకిచ్చు గ్రే కప్ గెలుచుకొన్నపుడును అతడందుండెను.

అయినను, ఆనాటి పోటీల చిత్రములను జూచునపుడు నా కన్ను శాక్‌లపై గాక, శాక్ కాకుండ ముగిసిన యెత్తులపైననే నిలుచును. ఇద్దరు కావలివాండ్రు ఒక్కనిపై బడుదురు; వాడు వారి చేతులను విదల్చుచు, భుజము వంచి చుట్టుత్రోవ పట్టబోయి, అడ్డగింపబడి, అయినను నేలపై బడక నిలుచును; ఆ నిలుకడ వలన ప్రక్కనున్న సహచరునికి దారి దొరకును. పట్టికలో పేరు ఆ సహచరునిది. అట్టి పెనుగులాట ఒక్కొక్క పోటీలో పదులకొలది సాగును, దానిని లెక్కించువా డుండడు.

శాక్‌ల లెక్కయు మొదటినుండి యున్నది కాదు. కెనడా ఫుట్‌బాలు లీగు దానిని వ్రాయ నారంభించినది కోవింగ్టన్ చేరిన 1981లోనే. అంతకు పూర్వమే కాల్గరీ జట్టున నాడి, 1972లోను 1974లోను మేటి యాటగాండ్రకిచ్చు షెన్లీ బహుమానము నందుకొన్న జాన్ హెల్టన్ యౌవనపు శాక్‌లు ఏ పట్టికయందును లేవు. కనుక, ఈ వృత్తిలో నెవడు మేటి యని యెవరైన నడిగినచో, 157 అను సంఖ్యకు నమస్కరించెదను గాని, దాని నొక్కదానినే సాక్ష్యముగా నంగీకరింపను.