తొందర లేని పనితనం: ఆర్నె డొమ్నేరుస్ సాక్సఫోన్

కొత్త స్పీకర్లు కొన్నవాళ్ళు వాటి సత్తా చూడటానికి పెట్టుకునే రికార్డుల్లో ‘జాజ్ ఎట్ ది పాన్‌షాప్’ ఒకటి. 1976 డిసెంబరులో రెండు రాత్రులు, స్టాక్‌హోమ్ పాతబస్తీలో స్టాంపెన్ అనే ఇరుకు క్లబ్బులో రికార్డు చేశారు. ఒకప్పుడు అది తాకట్టు దుకాణం, అంటే ఇంగ్లీషులో పాన్‌షాప్. పాట వెనకాల ప్లేట్ల చప్పుడు, గ్లాసుల గలగల, జనం మాటలు వినిపిస్తుంటాయి. అవి ఎంత స్పష్టంగా పడ్డాయో చెప్పుకుని మురిసిపోయేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. అక్కడ సాక్సఫోన్ ఊదిన మనిషి గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. ఇది అన్యాయమని నా అభిప్రాయం. ఆ రికార్డు అంత బాగా రావడంలో ఆర్నె డొమ్నేరుస్ పాత్ర మైక్రోఫోన్ల పాత్రకు ఏమాత్రం తీసిపోదు.

ఎలాగంటే, సౌండ్ ఇంజనీరు గెర్ట్ పాల్మ్‌క్రాన్ట్స్ ఆ సంగీతాన్ని వాయిస్తుండగానే నాగ్రా టేపు రికార్డరు మీద రెండు ట్రాకుల్లోకి దించేశాడు. తర్వాత స్టూడియోలో కూర్చుని డ్రమ్స్ తగ్గించి పియానో పెంచుకునే వీలు లేదు. ఎవరు ఎంత గట్టిగా వినబడాలో స్టేజీ మీద వాయించేవాళ్ళే తేల్చుకోవాలి. బెంగ్ట్ హాల్‌బర్గ్ పియానో, గేఓర్గ్ రీడెల్ బాస్, ఎగిల్ యోహాన్సెన్ డ్రమ్స్, లార్స్ ఎర్‌స్ట్రాండ్ వైబ్రాఫోన్. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు రారు. ‘లైమ్‌హౌస్ బ్లూస్’ పరుగులు తీస్తున్నా బాస్ తీగ మీద వేలు పడటం విడిగా వినిపిస్తుంది. నాయకుడు తన వంతు అయ్యాక నిజంగా పక్కకు తప్పుకుంటేనే అది సాధ్యం. పేరు తనదే అయినా ప్రతి ఖాళీనీ తన వాద్యంతో నింపాలనే ఆత్రం డొమ్నేరుస్‌లో ఎక్కడా కనబడదు.

ఆ రాత్రుల్లో వాయించిన వాటిలో రెండు పాటలు పక్కపక్కన పెట్టి వినాలి. ఒకటి డ్యూక్ ఎల్లింగ్టన్, జానీ హాడ్జెస్ కలిసి 1938లో కట్టిన ‘జీప్స్ బ్లూస్’. రెండోది చార్లీ పార్కర్ ‘బార్బడోస్’. ఆల్టో సాక్సఫోన్‌కు ఈ ఇద్దరూ రెండు దారులు. హాడ్జెస్ ఒక్క స్వరాన్ని పట్టుకుని దాన్ని కరిగించి, సాగదీసి, జారుస్తాడు. పార్కర్ చేతిలో స్వరాలు గుంపులు గుంపులుగా దూసుకొస్తాయి. డొమ్నేరుస్ కుర్రతనంలో హాడ్జెస్‌నూ బెన్నీ కార్టర్‌నూ వింటూ పెరిగాడు, ఆ తర్వాత పార్కర్ గాలి తగిలింది. 1949లో పారిస్ జాజ్ ఉత్సవానికి స్వీడన్ బృందంతో వెళ్ళినప్పుడు, అదే ఉత్సవంలో పార్కర్, మైల్స్ డేవిస్ కూడా వాయించారు. ఆ తరంలో చాలామంది పార్కర్ వేగంలో పడి కొట్టుకుపోయారు. డొమ్నేరుస్ ఆ వేగాన్ని నేర్చుకున్నాడు, దాన్ని అవసరమైనంత మేరకే వాడాడు.

ఈ అదుపు ఎక్కడ అబ్బిందంటే, డాన్సు హాల్లో అని చెప్తాను. 1924లో స్టాక్‌హోమ్‌ను ఆనుకున్న సోల్నాలో పుట్టిన డొమ్నేరుస్‌కు అసలు బడి నాలెన్. 1912 ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్ బంగారు పతకం గెలిచిన టాప్సీ లిండ్‌బ్లూమ్ నడిపిన డాన్సు హాలు అది. అక్కడికి జనం వచ్చేది అడుగులు వెయ్యడానికి. లయ తప్పితే కాళ్ళు ఆగిపోతాయి, పాట గుర్తుపట్టలేకపోతే మొహాలు తిరిగిపోతాయి. అలాంటి చోట ఏళ్ళ తరబడి వాయించినవాడికి పాటను దాని ఆకారం చెదరకుండా అలంకరించడం వచ్చి తీరుతుంది.

1951 తర్వాత అక్కడ సొంత బ్యాండు నడిపాడు. అందులో బారిటోన్ సాక్సఫోన్ వాయించిన లార్స్ గులిన్, 1954లో అమెరికన్ పత్రిక ‘డౌన్‌బీట్’ విమర్శకుల ఓటింగులో కొత్త తారగా గెలిచాడు. తన పక్కన ఇంతటివాడిని నిలబెట్టుకుని, అతనికి చోటిచ్చి, ఈర్ష్యపడని నాయకుడు దొరకడం ఏ రంగంలోనైనా అరుదే. 1953 సెప్టెంబరులో లయొనెల్ హాంప్టన్ బ్యాండు స్టాక్‌హోమ్ వచ్చింది. తన వాళ్ళెవరూ బయట రికార్డు చెయ్యకూడదని హాంప్టన్ కట్టడి. అయినా ట్రంపెట్ కుర్రాళ్ళు క్లిఫర్డ్ బ్రౌన్, ఆర్ట్ ఫార్మర్ రహస్యంగా స్వీడన్ వాళ్ళతో కలిసి రికార్డు చేశారు. అదే బ్యాండులో ఉన్న క్విన్సీ జోన్స్ అందుకోసం ‘స్టాక్‌హోమ్ స్వీట్నిన్’ కట్టాడు. ఆ బృందంలో డొమ్నేరుస్, గులిన్, హాల్‌బర్గ్ ముగ్గురూ ఉన్నారు. అమెరికా వాళ్ళ పక్కన వీళ్ళు బెరుకుగా వినబడరు.

డొమ్నేరుస్ తర్వాత రేడియో బృందాల్లో చాలాకాలం పనిచేశాడు. అయితే నన్ను కట్టిపడేసేది 1974లో రికార్డు చేసిన ‘ఆంటిఫోన్ బ్లూస్’. స్టాక్‌హోమ్‌లోని స్పోంగా చర్చిలో గుస్తాఫ్ షోక్విస్ట్ ఆర్గన్, డొమ్నేరుస్ సాక్సఫోన్. అంతే. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. జాజ్ కళాకారుడు లయ కోసం ఆనుకునే గోడలన్నీ తీసేసినట్టే.

రాతి చర్చిలో ఊదిన స్వరం వెంటనే ఆగదు. కప్పు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. దాని తోక తెగకముందే ఇంకో నాలుగు స్వరాలు ఊదితే అన్నీ కలిసి ముద్దవుతాయి. అందుకే ఆయన క్లబ్బులో ఊదినట్టు ఇక్కడ ఊదడు. ఒక స్వరాన్ని వణుకు లేకుండా తిన్నగా మొదలుపెడతాడు. అది చివరికి వచ్చేసరికి సన్నటి కంపనం చేరుతుంది. ఆ తర్వాత ఆగుతాడు. చర్చి మిగతాది పాడి ముగించాకే రెండో మాట. ఆర్గన్ గొట్టానికి ఊపిరి తీసుకునే అవసరం లేదు, ఎంతసేపైనా పలుకుతుంది. మనిషికి ఉంది. ఆ ఊపిరి ఆడే చోటును దాచకుండా పాటలో భాగం చెయ్యడమే ఈ రికార్డులో అన్నిటికంటే గొప్ప పనితనం అనుకుంటాను.

ఇందులో ఎల్లింగ్టన్ ‘హెవెన్’ ఉంది. 1968 నాటి ఎల్లింగ్టన్ భక్తి సంగీత కచేరీ, రెండో సేక్రెడ్ కాన్సర్ట్‌లో ఆ పాట పాడింది స్వీడన్ గాయని ఆలిస్ బాబ్స్, ఆల్టో ఊదింది హాడ్జెస్. హాడ్జెస్ 1970లో పోయాడు. డొమ్నేరుస్ అదే పాటను అదే వాద్యం మీద ఎత్తుకున్నప్పుడు గురువును అనుకరించే అవకాశం చేతికందేంత దూరంలోనే ఉంది. ఆ ప్రఖ్యాతమైన జారుడు పెడితే వినేవాళ్ళు వెంటనే పోల్చుకునేవారు. ఆయన దాన్ని చాలా పొదుపుగా వాడాడు. హాడ్జెస్ స్వరాన్ని పట్టులా జార్చిన చోట డొమ్నేరుస్ సూటిగా నిలబెట్టాడు, మెత్తదనం మాత్రం పోనివ్వలేదు. ‘హెవెన్’ ఉన్న ఈ రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి విన్నవాళ్ళకు ఆయన హాడ్జెస్ దగ్గర ఏం తీసుకున్నాడో, ఏం వదిలేశాడో తేటతెల్లమవుతుంది.