ద్వారబంధంపై బలిరక్తం: పస్కా గొర్రెపిల్ల – పశ్చిమ ప్రకాశం పఠనసందర్భం

చంద్రశేఖరపురం, కనిగిరి, మార్కాపురం పరిసరాల మెట్టగ్రామాలలోని క్రైస్తవ పాఠకునికి బలి అనేది గ్రంథంలో మాత్రమే ఎదురయ్యే విషయం కాదు. గ్రామదేవత కొలుపులలో పశువును బలియిచ్చి, రక్తం కలిపిన అన్నాన్ని ‘పొలి’గా చల్లే తెలుగునాటి ఆచారాన్ని డబ్ల్యు. టి. ఎల్మోర్ 1915లో, హెన్రీ వైట్‌హెడ్ 1916లో తమ గ్రంథాలలో వర్ణించారు. కనుక నిర్గమకాండం పన్నెండవ అధ్యాయంలోని పస్కా బలిని ఇక్కడ చదివేటప్పుడు, రెండింటా రక్తమే రక్ష అన్న పోలిక సహజంగా ముందుకు వస్తుంది. ఆ పోలిక నిజమే కాని పైపైది.

పస్కాలో ప్రధానమైనది ఇల్లు. నెల పదవనాడు పశువును ఎన్నుకోవాలి. పద్నాలుగవనాటి సాయంకాలం వధించాలి. రక్తాన్ని హిస్సోపు కుంచెతో ద్వారబంధానికి పూయాలి. కాల్చిన మాంసాన్ని పులియని రొట్టెతో, చేదుకూరలతో ఆ రాత్రే తినాలి. ఎముక విరవరాదు, తెల్లవారేదాకా మిగల్చరాదు. ఇందులో బలిపీఠం లేదు, పూజారి లేడు. ఇంటి పెద్దే యాజకుడు. ఇల్లు చిన్నదైతే పొరుగింటిని కలుపుకోవాలి, తినేవారి లెక్కను బట్టే పాలు. గ్రామబలిలో డప్పు ఎవరిది, కత్తి ఎవరిది, పొలి ఎవరు మోయాలి అన్నవి కులం నిర్ణయించే పనులు. రక్తం రెండుచోట్లా ఉంది. కత్తి పట్టే హక్కు, పంక్తిలో చోటు వేరు.

అనువాదపదం కూడా అర్థాన్ని కొంత మళ్లించింది. హెబ్రీ ‘సే’ గొర్రెకూ మేకకూ చెల్లే మాట. విధించినది ఏడాది మగపశువు. నెల్లూరు జాతి గొర్రెలను పెంచే ఈ ప్రాంతపు కాపరి దానిని పొట్టేలు అంటాడే గాని పిల్ల అనడు. ‘గొర్రెపిల్ల’లోని లేతదనం క్రీస్తు నిర్దోషత్వానికి అమరింది, ఇంటిల్లిపాదీ కడుపునిండా తిన్న విందు మరుగున పడింది.

అంతకంటె పెద్ద మార్పు పాపభావన చేరిక. నిర్గమకాండపు పస్కా పాపపరిహార బలి కాదు, విడుదల రాత్రి భోజనం. లేవీయకాండం పదహారవ అధ్యాయంలో ప్రజల పాపాలు మోసుకుపోయేది మేక. యోహాను సువార్తలోని ‘దేవుని గొర్రెపిల్ల’ పాపాన్ని మోసేది. యెషయా యాభైమూడవ అధ్యాయపు మూగగొర్రె ఛాయ దానిలో చాలామందికి కనిపిస్తుంది. పౌలు క్రీస్తును పస్కాగా పేర్కొన్నాడు. ఈ కలయిక క్రైస్తవ వ్యాఖ్యానానికి బలమే. దానిని మూలార్థంగా బోధించడం మాత్రం విమర్శకు నిలవదు.

యూదు సంప్రదాయం వేరే దారి పట్టింది. ద్వితీయోపదేశకాండం ఇంటిబలిని దేవుడు ఏర్పరచిన స్థలానికి తరలించింది. క్రీ.శ. 70లో ఆలయం కూలిన తరువాత విందు ఇంటికి తిరిగి వచ్చింది గాని పశువు రాలేదు; పళ్లెంలో కాల్చిన ఎముక దాని గురుతు. సమరయులు మాత్రం గెరిజీము కొండపై నేటికీ వధిస్తారు.

ఒంగోలు బాప్టిస్టు మిషనులో బలిప్రశ్న సామాజిక ప్రశ్నగా మారింది. 1866లో అక్కడికి వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ మాదిగ విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని, చచ్చిన పశువు మాంసం, విగ్రహారాధన మానాలి. 1878 జులై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. మూడవ నియమం పాటించడమంటే కొలుపులో డప్పు మోయననడం. రెండవది పాటించడమంటే ఊరు వదిలేసిన కళేబరం తన వాటా కాదనడం. ‘బల్ల’ అని పిలుచుకునే ప్రభుభోజనంలో రొట్టె అందుకోవడాన్ని ఈ రెండు నిరాకరణల పక్కన ఉంచి చదవాలి. అప్పుడు పస్కాలోని సమానపంక్తి, పాపభావన కప్పివేసిన ఆ భాగం, మళ్లీ కనబడుతుంది.

గుంటూరు ప్రాంతంలోని చేబ్రోలు చెంత బెనే ఎఫ్రాయిము సమాజం ఈ చదువును మరోవైపు తిప్పింది. క్రైస్తవం నుంచి యూదాచారాలవైపు మళ్లిన ఈ మాదిగ కుటుంబాలు తమ గొడ్డుమాంస భోజనాన్ని ప్రాచీన ఇశ్రాయేలు వంశచిహ్నంగా వ్యాఖ్యానించుకున్న తీరును యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013 నాటి గ్రంథంలో పరిశీలించారు. క్లౌ మానమన్నది చచ్చిన పశువును. వీరు వంశచిహ్నం చేసుకున్నది గొడ్డుమాంసాన్ని. ఊరి దృష్టిలో రెండూ ఒకే మైలకు గుర్తులు.