క్రొవ్వు, మెదడు: రోటర్‌డాం ఇచ్చిన రెండు తీర్పులు

మెదడులోని నీటిని తీసివేయగా మిగులు పదార్థములో దాదాపు సగము క్రొవ్వులే. కనుక తిన్న క్రొవ్వును బట్టి మెదడు బాగుపడుననియో, చెడుననియో భావించుట సహజము. కాని మెదడు తనకు వలసిన కొలెస్టరాలును దాదాపు అంతయు తానే తయారు చేసికొనును; రక్తములోని కొలెస్టరాలు దానిలోనికి చొరజాలదు. కావున ఇచట ఊహ చాలదు, లెక్క కావలెను.

నెదర్లాండ్స్ దేశములోని రోటర్‌డాం పరిశోధకులు 1997లో ఆ లెక్క చూపిరి. డిమెన్షియా లేని 5,386 మంది ఆహారమును అడిగి వ్రాసికొని, సగటున 2.1 సంవత్సరములు గమనించిరి. మొత్తము క్రొవ్వు ఎక్కువగా తినువారిలో ఆ వ్యాధి హెచ్చుగను, చేపలు తినువారిలో తక్కువగను కనిపించినది.

2002లో అదే నగరమునుండి మరియొక పత్రము వెలువడినది. ఈమారు 5,395 మందిని సగటున 6 సంవత్సరములు గమనించిరి. మొత్తము క్రొవ్వునకు గాని, సంతృప్త క్రొవ్వునకు గాని, కొలెస్టరాలునకు గాని, చేపలలోని ఒమేగా-3 క్రొవ్వులకు గాని వ్యాధితో సంబంధము కానరాలేదు.

ఏది నమ్మవలెను? మొదటి పత్రములో వ్యాధి సోకినవారు 58 మంది మాత్రమే. రెండవదానిలో 197 మంది. సంఖ్య చిన్నదైనకొలది యాదృచ్ఛికమునకు చోటు హెచ్చును. అంతకంటె పెద్ద లోపము మరొకటి కలదు. డిమెన్షియా బయటపడుటకు ఎన్నో ఏండ్ల ముందే మెదడులో మొదలగును. రెండేండ్లలో రోగిగా తేలిన మనిషి, ప్రశ్నలడిగిన నాటికే రోగి కావచ్చును. జ్ఞాపకము సడలుచున్నవాడు తాను తిన్నది సరిగా చెప్పునా? వ్యాధియే అతని తిండిని మార్చి యుండదా?

రెండవ పత్రమును దోషరహితము కాదు. ఆహారమును ఆరంభములో ఒక్కమారే అడిగిరి. పరీక్షకు వచ్చినవారు 55 ఏండ్లు దాటినవారు. యౌవనములో తిన్నదాని ఫలితమును అది చెప్పజాలదు. సంబంధము కనబడలేదనుట వేరు, లేదనుట వేరు.

2023లో అమెరికాలో 604 మందిపై మూడేండ్లు జరిగిన ప్రయోగములో, వెన్న తగ్గించి ఆలివ్ నూనె, గింజలు, చేపలు పెంచిన ‘మైండ్’ ఆహారము తీసికొన్నవారికిని, ఇతరులకును బుద్ధిపరీక్షలలో గణనీయమైన భేదము రాలేదు.

తమ తొలి తీర్పును తామే తిరిగి పరీక్షించిన రోటర్‌డాం పరిశోధకులు ప్రశంసనీయులు. మొదటి పత్రమును మాత్రమే చూపి వృద్ధులను భయపెట్టుట గాని, ఆశపెట్టుట గాని శాస్త్రము కాదు.