సుడిని విరిచే పలకలు

నీళ్ల తొట్టి అడుగున బిరడా తీస్తే, మట్టం కాస్త తగ్గగానే పైన చిన్న గుంట పడుతుంది. అది గరాటులా లోతవుతూ చివరికి గాలిని గొట్టంలోకి లాక్కుని గురగురమంటుంది. బావి నుంచి కలిసి వచ్చే చమురు, నీరు, గ్యాసులను విడదీసే సెపరేటర్ అడుగునా ఇదే జరగవచ్చు. కాకపోతే అక్కడ గొట్టంలోకి దిగేది పీడనంలో ఉన్న సహజవాయువు. అంత కష్టపడి వేరుచేసిన గ్యాసు కింది దారిన మళ్లీ ద్రవంలో కలిసి పోతుందన్నమాట. దాన్ని అడ్డుకోవడానికి ద్రవం బయటికి పోయే నాజిల్ మీద అమర్చే ఇనుప పలకల కూర్పే వార్టెక్స్ బ్రేకర్.

ద్రవంలో ఏ కాస్త తిరుగుడు ఉన్నా, నాజిల్‌కు దగ్గరయ్యేకొద్దీ దాని వేగం పెరుగుతుంది. దూరం సగమైతే వేగం దాదాపు రెట్టింపు. నడిమధ్య పీడనం పడిపోయి ఉపరితలం కుంగుతుంది. ఇదంతా భూభ్రమణం మహిమ అనే నమ్మకం ఒకటుంది. అమెరికాలోని ఎంఐటీలో ఆషర్ షపిరో 1962లో ఆ ప్రభావాన్ని చూపగలిగారు గానీ, అందుకు ఆరడుగుల తొట్టిలో నీటిని 24 గంటలు నిలకడగా ఉంచవలసి వచ్చింది. సెపరేటర్‌కు అంత ప్రశాంతత ఎక్కడిది? లోపలికి దూకే ప్రవాహపు వాటమే అక్కడ సుడి ఎటు తిరగాలో తేలుస్తుంది.

గ్యాసు కిందికి జారితే పంపు అదురుతుంది, ఫ్లో మీటరు తప్పు లెక్క చూపుతుంది, లెవెల్ కంట్రోల్ ఊగిసలాడుతుంది. నాజిల్ పైన తగినంత లోతు ద్రవం నిలపడం మొదటి రక్షణ. అయితే లోతు పెంచాలంటే పాత్ర పెద్దదవ్వాలి, ఖర్చూ పెరుగుతుంది. కొద్ది లోతులోనే పని జరిపించడం బ్రేకర్ గొప్పతనం. లోతు బొత్తిగా లేనిచోట మాత్రం అదీ ఏమీ చేయలేదు.

అన్నిటికన్నా సులువైనది నాజిల్ నోటి మీద నిలువుగా నిలిపే ఒక్క పలక. రెండు పలకలను కూడిక గుర్తులా అమరిస్తే తిరుగుడుకు నాలుగు వైపులా అడ్డు పడుతుంది. వాటి నెత్తిన ఒక అడ్డపలక మూతలా వేస్తే ద్రవం పైనుంచి నేరుగా దిగలేక పక్కలనుంచే రావాలి. ఇక్కడ ఒక లెక్క మరవకూడదు. 150 మి.మీ. నాజిల్‌కు మూత 75 మి.మీ. ఎత్తులో ఉంటే, నాజిల్ అంచు చుట్టూ ఉండే దారి వైశాల్యం నాజిల్ వైశాల్యానికి రెట్టింపు. 37.5 మి.మీ.కు దించితే రెండూ సమానం. అందులోంచి పలకల మందం కూడా తీసేస్తే సుడి పోయి ఇరుకు మిగులుతుంది. నడక వేదికలకు వాడే గ్రేటింగ్ ముక్కలను పొరలుగా పేర్చే పద్ధతీ ఉంది. సుడిని అది బాగా చిదుపుతుంది గానీ ఇసుక, మడ్డి వచ్చే చోట త్వరగా పూడుకుపోతుంది. అలాంటి చోట్ల తెరిపిగా ఉండే కూడిక పలకలే మేలు.

అమర్చడంలోనే అసలు పనితనం ఉంది. పలకల అడుగు అంచును పాత్ర వంపుకు సరిపడా కోయాలి. నాజిల్ వెల్డును పలక తొక్కకుండా అక్కడ చిన్న గాడి తీయాలి. ఆ గాడి ఇసుక కదలడానికీ పనికొస్తుంది. పాత్రను వేడిచేసి వెల్డు ఒత్తిళ్లు తీసే రకమైతే, బ్రేకర్‌ను అంతకుముందే అతకాలి. ఆ తర్వాత గోడను అంటిన చిన్న వెల్డు కూడా చేసిన శ్రమను పాడుచేస్తుంది. మ్యాన్‌హోల్‌లో పట్టని బ్రేకర్‌ను ముక్కలుగా దింపి లోపల బోల్టులతో కలుపుతారు. నట్లు వదులవకుండా కట్టడి చేయాలి, ఎందుకంటే ఊడిన పలక నాజిల్ నోరు మూసేస్తుంది, చిన్న ముక్కైతే పంపు దాకా పోతుంది. పలకకు రెండు వైపులా ద్రవమే కాబట్టి తుప్పుకోసం అదనపు మందం రెండు ముఖాలకూ లెక్కగట్టాలి.

నడుస్తున్న పాత్రలో దీన్ని చూసే వీలు లేదు. షట్‌డౌన్‌లో గ్యాసు ఖాళీ చేసి, లోపలి గాలిని పరీక్షించి, పర్మిట్ తీసుకుని, బయట కాపలా మనిషిని నిలిపాకే లోపలికి దిగాలి. అప్పుడు ముందు పలకల చుట్టూ పేరుకున్న మడ్డిని తీసి, వెల్డుల పగుళ్లు చూసి, మిగిలిన మందం కొలుస్తారు.