డచ్చి సాహిత్యంలో యూరపు భావన

"మనమంతా ఒక్కటి" అన్న మాట వినగానే, ఆ "మనం"లో ఎవరున్నారు, ఎవరు లేరు అని అడగటం విమర్శకుని మొదటి విధి. యూరపు ఖండవాసులందరిదీ ఒకే సంస్కృతి, ఒకే వారసత్వం అనే భావన గత పాతికేళ్లుగా డచ్చి భాషా సాహిత్యంలో మరల మరల వినవస్తున్నది. నెదర్లాండ్సులోనూ, బెల్జియంలోని ఫ్లాండర్సులోనూ వెలువడే రచనలన్నీ ఈ సాహిత్యం కిందికే వస్తాయి. నేను డచ్చి ఎరుగను. ఇంగ్లీషు అనువాదాలే నాకు ఆధారం. కనుక శైలిని గురించి తీర్పు చెప్పను. భావాన్ని గురించి మాత్రమే చర్చిస్తాను.

ఖేర్ట్ మాక్ 1999లో ఒక దినపత్రిక పక్షాన ఏడాది పొడుగునా యూరపు అంతటా తిరిగి, 2004లో "యూరపులో" అనే బృహద్గ్రంథం ప్రకటించాడు. వెర్డన్ యుద్ధభూమి మొదలు స్రెబ్రెనిత్సా వరకు 20వ శతాబ్దపు నెత్తుటి జాడలను వెదకి, సామాన్యుల చేత మాట్లాడించాడు. ఖండాన్ని కలిపేది ఘనకీర్తి కాదు, ఉమ్మడి దుఃఖమని ఆ గ్రంథం నాకు బోధపరచింది. 1995లో డచ్చి సైనికుల రక్షణలో ఉన్న స్రెబ్రెనిత్సాలోనే సుమారు 8000 మంది ముస్లిం పురుషులు, బాలురు హతులైనారు. ఆ ఊరికి కూడ వెళ్లటం ఈ డచ్చి రచయిత నిజాయితీకి నిదర్శనం.

అయితే ఆ ప్రయాణం ఖండపు పొలిమేర దాటదు. మాక్ తండ్రి డచ్చి ఏలుబడిలోని సుమత్రాలో మతబోధకుడు. ఆ కథ 1999లో మాక్ ప్రకటించిన మరొక పుస్తకంలో ఉన్నది. కుటుంబ చరిత్రలో చోటు దొరికిన వలసరాజ్యం ఖండ చరిత్రలో పక్కకు జరిగిపోయింది. ఈ లోటు తెలుగువారికి త్వరగా కనబడుతుంది. 17వ శతాబ్ది ఆరంభంలో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన డచ్చివారు మన నేతగాండ్ర బట్టలు కొని, తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇచ్చారు. ఆమ్‌స్టర్‌డాం ఐశ్వర్యంలో మన మగ్గాల కష్టం కూడ కలిసి ఉన్నది. ఫ్లాండర్సు రచయిత డేవిడ్ వాన్ రేబ్రూక్ 2010లో కాంగోను గురించి, 2020లో ఇండొనీషియా స్వాతంత్ర్యాన్ని గురించి రాసిన గ్రంథాలు ఈ లోటును కొంత తీర్చాయి.

2005 జూన్ 1న యూరపు రాజ్యాంగ ఒడంబడికపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నెదర్లాండ్సు ఓటర్లు 61.5 శాతం మంది "వద్దు" అన్నారు. ఐక్యత మార్కెటుకు అందినంతగా ప్రజల మనసుకు అందలేదన్నమాట. ఆ మనసును వెదకిన నవల ఇల్యా లెనార్డ్ ఫైఫర్ రాసిన "గ్రాండ్ హోటల్ యూరపా" (2018).

అందులో యూరపు ఒక పాత హోటలు. గతవైభవమే దాని ఆస్తి. దానిని కొన్న చైనా యజమాని యాత్రికుల అభిరుచికి తగినట్లు ఒక్కొక్క అలంకరణనే మార్చివేస్తుంటాడు. వెనిస్ వంటి నగరాలు సొంత జనానికి కాకుండా పోయి, చూడవచ్చినవారి సొత్తవుతున్నాయి. ఇదంతా క్షీణిస్తున్న బూర్జువా వర్గపు నిట్టూర్పు అని కొందరు మిత్రులు కొట్టివేయవచ్చు. నేను అంగీకరించను. ఎందుకంటే ఆ హోటలులో సామాన్లు మోసే కుర్రవాడు అబ్దుల్ ఉన్నాడు. ఎడారినీ సముద్రాన్నీ దాటివచ్చిన కాందిశీకుడు. అతడు చెప్పే కథ వర్జిల్ మహాకవి "ఈనిడ్" కావ్యపు అచ్చులో సాగుతుంది. ఈనియస్ ఎవరు? తగలబడుతున్న ట్రాయి నగరం నుండి, ఆసియా గడ్డ నుండి పారిపోయి వచ్చినవాడు. అతడే రోము జాతికి మూలపురుషుడు. అనగా యూరపు తన పుట్టుకను గురించి చెప్పుకునే కథే కాందిశీకుని కథ. ఈ ఒక్క కల్పనతో ఫైఫర్ "సొంతవాడు", "పరాయివాడు" అనే గోడను పునాదిలోనే కదిలించాడు. నవలలో అధిక భాగం కథకుని ప్రేమకూ కళాచర్చకూ పోవటం మాత్రం విచారకరం. అబ్దుల్ గుమ్మం దగ్గరనే నిలబడి ఉంటాడు.

ఆ గుమ్మం దగ్గర నిలబడినవాడే కలం పడితే ఎట్లుంటుందో రొదాన్ అల్ గలిదీ చూపాడు. ఇరాకు నుండి 1998లో నెదర్లాండ్సు చేరి, 2007లో సామూహిక క్షమాభిక్ష దొరికే వరకు అనుమతి లేకుండానే బ్రతికినవాడు. డచ్చి తనంతట నేర్చి, ఆ భాషలోనే రాశాడు. 2011లో అతని నవలకు యూరపు యూనియన్ సాహిత్య బహుమతి వచ్చింది. అదే సంవత్సరం పౌరులు కాగోరేవారికి పెట్టే పరీక్షలో తప్పాడు! యూరపు రచయితగా అంగీకరించబడినవాడు డచ్చి పౌరుడుగా పనికిరాకపోయాడు. 2016లో వచ్చిన అతని నవల ఇంగ్లీషులో "రెండు కంబళ్లు, మూడు దుప్పట్లు" అనే పేరుతో వెలువడింది. నాయకుడు సమీర్ శరణార్థి శిబిరంలో తొమ్మిదేళ్లు నిరీక్షిస్తాడు. కొట్టేవాడు లేడు, తిట్టేవాడు లేడు. కాగితం మాత్రం రాదు. అల్ గలిదీ దీనిని నవ్విస్తూ చెబుతాడు. ఆ నవ్వు ఏ నినాదం కంటెను పదునైనది.

ఈ పుస్తకాలన్నిటిలో నాకొక కొరత తోచింది. శరణార్థికి జాలిపడేవారున్నారు, అధికారులున్నారు. అతని పక్కన పనిచేస్తూ, అతని కూలి తగ్గితే తన కూలీ తగ్గుతుందని గ్రహించిన డచ్చి కార్మికుడు ముఖ్యపాత్రగా కనబడడు. దుఃఖస్మృతిలో మాక్, ప్రాచీన కావ్యంలో ఫైఫర్ ఖండపు ఐక్యతను వెదకారు. రెండూ అవసరమే. కాని ఆ ఐక్యత నిజమైనదో కాదో అబ్దుల్, సమీర్ నిలబడిన గుమ్మం దగ్గర తేలుతుంది. వారిని లోపలికి పిలిచే కార్మికుని కథ డచ్చిలో ఎవరైనా రాస్తే, "మనం" అనే మాటకు అక్కడ కొత్త అర్థం వస్తుంది. ఆ కథ కోసం నేను ఎదురుచూస్తున్నాను.